పిల్లలు చాలనుకున్నాక ఆపరేషన్ ఎవరికి: ఆయనకా, ఆవిడకా?

ఖర్చు: ప్రభుత్వాసుపత్రిలో రెండూ ఉచితమే.

శ్రమ: ఆవిడకు చేసే ట్యూబెక్టమీకి పొట్ట కోయాలి, కోలుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆయనకు చేసే, కోత, కుట్టు లేని వేసెక్టమీకి వృషణాల సంచి దగ్గర మత్తు ఇంజెక్షన్, చిన్న రంధ్రం చాలు. అరగంటలోపే అయిపోతుంది, అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు.

"మగతనం పోతుందేమో" అన్నదే మగవాళ్ల టెన్షన్. మూసేది వీర్యకణాలు వెళ్లే శుక్రవాహికల్ని మాత్రమే. మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ నేరుగా రక్తంలో కలుస్తుంది, దానికి ఈ గొట్టాలతో పనే లేదు. వీర్యంలో ఎక్కువ భాగం వీర్యకోశాలు, ప్రోస్టేట్ అనే గ్రంథుల నుంచే వస్తుంది కాబట్టి పరిమాణంలోనూ తేడా తెలియదు.

రిస్క్: వేసెక్టమీకే తక్కువ. కాకపోతే మూడు నెలలు కండోమ్ తప్పదు, ఆపైన వీర్యకణాలు లేవని తేల్చుకునే వీర్యపరీక్ష.

సిజేరియన్ ఎలాగూ జరుగుతుంటే అప్పుడే ట్యూబెక్టమీ చేయించుకోవడం సులువు. లేదంటే ఆయన వెళ్లడమే న్యాయం. మళ్లీ పిల్లలు కావాలేమో అన్న అనుమానం ఏమాత్రం ఉన్నా రెండూ వద్దు.