మోకాలి కింద సూది, పొట్టలో గుడగుడ

ఆక్యుపంక్చర్ ఎక్కడ పుట్టింది, ఎలా పనిచేస్తుంది అని చెప్పే వ్యాసాలు బోలెడున్నాయి కాబట్టి ఆ జోలికి వెళ్ళను. రెండేళ్ళకు పైగా అజీర్తికి ఈ సూదులు వేయించుకుంటున్న మనిషిగా నాకు చెప్పాలని ఉన్నది ఒక్క సూది గురించే. మోకాలి కింద వేసేది. చైనా వాళ్ళు జూసాన్లీ అంటారు. మిగతా వైద్యాన్ని ఎవరెంత తిట్టినా పట్టించుకోను గానీ దాని మీద మాత్రం ఈగ వాలనివ్వను.

నా బాధ ఇదీ: రెండు ఇడ్లీలు తినగానే పెళ్ళిభోజనం చేసినట్టు పొట్ట బిగుసుకుపోయేది. మధ్యాహ్నం తిన్న పప్పన్నం దీపాలు పెట్టే వేళకు కూడా కదిలేది కాదు. ఎండోస్కోపీ చేస్తే అంతా బాగానే ఉందన్నారు. ఫంక్షనల్ డిస్పెప్సియా, అంటే పరీక్షల్లో ఏ లోపమూ కనిపించని అజీర్తి, అని రాసి బిళ్ళలిచ్చారు. వాము, జీలకర్ర నీళ్ళు, సోడా అన్నీ అంతకుముందే అయిపోయాయి.

ప్రకృతి వైద్యం చదివిన డాక్టరమ్మ హైదరాబాదులో మా ఇంటికి దగ్గరలోనే చూస్తారు. మొదటిరోజు నన్ను పడుకోబెట్టి, నా నాలుగు వేళ్ళూ కలిపి మోకాలిచిప్ప కింద ఆనించమన్నారు. కొలత రోగి వేళ్ళతోనేనట, డాక్టరు వేళ్ళతో కాదట. అక్కడి నుంచి ముంగాలి ఎముకకు బయటివైపు ఒక బొటనవేలి వెడల్పు జరిగి సూది దించారు. గుచ్చినట్టే తెలియలేదు. ఇంతేనా అనుకుంటూ ఉండగా ఆవిడ దాన్ని వేళ్ళ మధ్య మెల్లగా తిప్పడం మొదలుపెట్టారు. మొద్దుబారిన నొప్పి ఒకటి లోపలి నుంచి లేచి పాదం పైదాకా గుంజుకుంటూ పోయింది. "గుంజిందా?" అని అడిగారు. గుంజిందన్నాక గానీ రెండో కాలి దగ్గరికి వెళ్ళలేదు. మణికట్టు మీదా, బొడ్డుకూ రొమ్ము ఎముకకూ మధ్యనా కూడా వేసి, నా ఫోను తీసి పక్కన పెట్టేసి, తెర లాగి వెళ్ళిపోయారు.

కాసేపటికి పొట్టలో గుడగుడ మొదలైంది. నాకు మాత్రమే వినిపించేటంత చిన్నది కాదు. తెర అవతల నడుమునొప్పికి వచ్చిన పెద్దాయన "ఆకలేస్తోందా అమ్మా?" అని నవ్వారు. నవ్వితే పొట్ట మీద సూది కదులుతుందని బిగబట్టుకున్నాను. లేచాక బారెడు త్రేన్పు వచ్చి, పొద్దుటి నుంచి పై కడుపులో ఉన్న బిగువు సడలింది. ఆ రాత్రి పెసరట్టు పూర్తిగా తిని చీర కుచ్చిళ్ళు వదులు చేసుకోకుండా నిద్రపోయాను.

ఇది నా ఒక్కదాని అనుభవం కాదు. 1971లో న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. తర్వాత కడుపు ఉబ్బరించి బాధపెడితే అక్కడి వైద్యులు మోచేతి దగ్గరా మోకాళ్ళ కిందా సూదులు వేశారు. గంటలోపే తేలికపడిందని ఆయన రాశాడు. ఆ సూదుల పోటు కనీసం కడుపు బాధ నుంచి తన దృష్టిని మళ్ళించిందని కూడా రాశాడు. ఆ రెండో మాటే నాకెక్కువ నచ్చింది.

ఎందుకంటే చుట్టాలందరికీ ఫోను చేసి చెప్పిన తొలి రోజుల ఉత్సాహం ఇప్పుడు నాకు అంతగా లేదు. తిన్నాక బరువు, తొందరగా కడుపు నిండిపోవడం చాలావరకు తగ్గాయి. గుండెల్లో మంట, పుల్ల త్రేన్పులు మాత్రం తగ్గలేదు. గోంగూర తిన్న రోజు బిళ్ళ వేసుకోక తప్పదు. 2020లో బీజింగ్ వైద్యులు ప్రచురించిన పరీక్ష కూడా తిన్నాక వచ్చే ఈ బరువు మీదే జరిగింది, మంట మీద కాదు. 278 మందికి నాలుగు వారాల్లో పన్నెండు సిట్టింగులు. అసలు సూదులు వేయించుకున్నవాళ్ళలో 83 శాతం మంది మెరుగన్నారు. పోల్చి చూడడానికి సంబంధం లేని చోట్ల పైపైన గుచ్చించుకున్నవాళ్ళలోనూ 51.6 శాతం మంది మెరుగన్నారు! లక్షణాలు పూర్తిగా పోయినవాళ్ళు మొదటి గుంపులో 27.8 శాతమే. నాకొచ్చిన సుఖంలో సూదికి ఎంత చెందుతుందో, ఫోను లేకుండా కళ్ళు మూసుకుని పడుకోవడానికి ఎంత చెందుతుందో ఎవరు తేల్చగలరు?

మధ్యలో కొన్నాళ్ళు విశాఖలో ఉండాల్సి వచ్చి ఇంకోచోట చేరాను. అక్కడ ముందే ప్యాకేజీ డబ్బు కట్టించుకున్నారు. చెవులకూ తలకూ పొట్టకూ ఇన్నేసి సూదులు వేశారు గానీ, మోకాలి కింద మాత్రం గుచ్చి మరో మంచం దగ్గరికి పరుగెత్తారు. తిప్పలేదు, గుంజిందా అని అడగలేదు. ఒక్కసారి కూడా గుడగుడ రాలేదు. పైగా ఎసిడిటీ బిళ్ళలు మానేయమని ఉచిత సలహా. తల ఊపి వచ్చి, ఇంట్లో వేసుకుంటూనే ఉన్నాను.

సిట్టింగుకు ఐదారు వందలవుతుంది. నాకు ఇంటి నుంచే ఉద్యోగం, డాక్టరమ్మ నడిచిపోయే దూరంలో ఉన్నారు కాబట్టి సాగుతోంది. ఊరికి ఆ చివరి నుంచి ట్రాఫిక్‌లో రావలసి వస్తే ఇన్నాళ్ళు వెళ్ళేదాన్నని చెప్పలేను. మా ఆడపడుచు తనకూ పొట్ట బరువుగానే ఉంటోందని, డాక్టరమ్మ నంబరు ఇమ్మని అడిగింది. ఆమెకు షుగరుంది, ఈమధ్య ఒంటి బరువు కూడా తగ్గింది. ముందు ఎండోస్కోపీ చేయించుకోమన్నాను, నంబరు తర్వాత ఇస్తానన్నాను.