ఇంటి అలంకరణ సేల్‌లు: ఎంత తగ్గిందన్నదాని కన్నా ఎందుకు తగ్గిందన్నది ముఖ్యం

ఇంటి అలంకరణ వస్తువులను సేల్ వచ్చేదాకా ఆగి కొనడం లాభమా అన్న ప్రశ్నకు అన్ని వస్తువులకూ సరిపోయే ఒకే జవాబు లేదు. దుప్పట్లకు, ఆరుబయట వేసుకునే కుర్చీలకు, పండుగ దీపాలకు ఆగితే నిజంగానే డబ్బు మిగులుతుంది. కర్టెన్లకు, వాల్‌పేపర్‌కు ఆగితే మాత్రం చాలాసార్లు చివరికి ఎక్కువే ఖర్చవుతుంది. సోఫానో దీపాన్నో సమీక్షించినట్టే సీజన్ సేల్‌ను కూడా దుకాణాలు అందించే ఒక సేవగా తీసుకొని పరిశీలిస్తే, నాకు తేలిన విషయం ఇది: దుకాణానికి ఆ సరుకును వదిలించుకోవలసిన అవసరం ఉన్నప్పుడు వచ్చే తగ్గింపు నమ్మదగినది, కేవలం జనాన్ని రప్పించడానికి ప్రకటించిన తగ్గింపును లెక్క వేసి చూసుకున్నాకే నమ్మాలి.

జనవరిలో పడకబట్టలు చవకగా అమ్మే పద్ధతి అమెరికాలో బాగా పాతది. ఫిలడెల్ఫియాలో పెద్ద దుకాణం నడిపిన జాన్ వానమేకర్ 1878లో 'వైట్ సేల్' పేరుతో దాన్ని మొదలుపెట్టాడు. సంవత్సరాంతపు కొనుగోళ్లు ముగిసి దుకాణాలు వెలవెలబోయే నెలలో బేరాలు నడిపించడమే దాని ఉద్దేశం. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ తర్కం చెల్లుతూనే ఉంది. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు ఒక సీజన్‌తో పాతబడేవి కావు, వాటి కొలతలు దాదాపు స్థిరంగా ఉంటాయి, రెండు మూడు నెలలు ఆలస్యమైనా ఇంట్లో పని ఆగదు. అందుకే ఆగి కొనదగిన వస్తువుల్లో వీటికి నేను మొదటి స్థానం ఇస్తాను. జాగ్రత్త పడవలసింది బట్ట విషయంలోనే. రెండు మూడు పోగులు కలిపి పేనిన దారాన్ని ఒక్కో పోగు చొప్పున లెక్కగట్టి, ప్యాకెట్ మీద థ్రెడ్ కౌంట్‌ను, అంటే చదరపు అంగుళం బట్టలోని దారాల సంఖ్యను, పెద్దదిగా చూపే అలవాటు ఈ వ్యాపారంలో ఉంది. అంత పెద్ద అంకె సేల్ బల్ల మీద తక్కువ ధరకు కనిపిస్తే, అంకెను పక్కన పెట్టి, అది పూర్తి నూలుదా, పాలిస్టర్ కలిసినదా అని లేబుల్ చూడడం మేలు.

ఫర్నిచర్ ధరల రాకపోకలను పండుగల కన్నా ఎక్కువగా నిర్ణయించేవి వాణిజ్య ప్రదర్శనలు. అమెరికాలోని నార్త్ కరోలినాలో హై పాయింట్ మార్కెట్ ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల్లో జరుగుతుంది; పారిస్‌లో మెజోన్ ఎ ఒబ్జె జనవరి, సెప్టెంబరు నెలల్లో, మిలన్‌లో సలోనే దెల్ మోబిలే ఏప్రిల్‌లో జరుగుతాయి. దుకాణదారులు అక్కడ చూసి ఆర్డరిచ్చిన కొత్త నమూనాలు కొన్ని నెలల తర్వాత షోరూమ్‌కు చేరతాయి. సోఫాలు, అల్మరాలు చాలా చోటు ఆక్రమిస్తాయి కాబట్టి పాతవి కదలనిదే కొత్తవి దించడానికి వీలుండదు. అమెరికా దుకాణాల్లో కొత్త నమూనాలు ఎక్కువగా ఫిబ్రవరి, ఆగస్టు ప్రాంతంలో వస్తాయని, అందువల్ల జనవరి, జులై నెలల్లో పాత సరుకు మీద బేరం బాగా కుదురుతుందని ఆ వ్యాపారంలో ఉన్నవారు చెప్పే మాట. వేరే దేశాల్లో నెలలు మారవచ్చు. 'కొత్త మోడళ్లు ఎప్పుడు దిగుతాయి?' అని దుకాణంలో నేరుగా అడగడం ఏ కాలెండర్ కన్నా ఉపయోగకరం. ఈ ప్రశ్నకు సేల్స్‌మన్ దాచిపెట్టేదేమీ ఉండదు, సాధారణంగా నిజమే చెబుతాడు. అయితే ఇదంతా దుకాణంలో సిద్ధంగా ఉన్న సరుకుకే వర్తిస్తుంది. బట్ట, రంగు, కాళ్ల ఆకారం మీరే ఎంచుకొని చేయించుకునే సోఫాకు గోడౌన్‌లో నిల్వ ఉండదు, కనుక వదిలించుకోవలసిన తొందరా ఉండదు.

సీజన్ ముగింపు తగ్గింపుల్లో అసలైన లాభం ఆరుబయటి సామానులో ఉంది. వేసవి దాటితే తోట కుర్చీలు, గొడుగులు, ఊయలలు కొనేవారు తగ్గిపోతారు. మళ్లీ ఏడాది దాకా వాటిని గోడౌన్‌లో ఉంచడం కన్నా నష్టానికైనా అమ్ముకోవడమే దుకాణానికి నయం. టేకు, పౌడర్ కోటింగ్ వేసిన అల్యూమినియం వంటివి నిల్వ ఉంచినంత మాత్రాన పాడుకావు కాబట్టి, చోటున్నవారు అప్పుడు కొని పెట్టుకోవచ్చు. ఎండలో ప్రదర్శనకు ఉంచిన ప్లాస్టిక్ కుర్చీల సంగతి వేరు. అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, కుషన్ బట్ట వెలుస్తుంది. కుషన్‌ను తిరగేసి అడుగు రంగునూ పై రంగునూ పోల్చి చూస్తే ఆ కుర్చీ ఎంత ఎండ తిన్నదో తెలిసిపోతుంది.

పండుగ అలంకరణల ధర పండుగ మర్నాటికే పడిపోతుంది. రంగు కాగితం, గాజు బుడగలు, తోరణాలు వంటివి వచ్చే ఏడాదికి కొని దాచుకోవడంలో ఇబ్బందేమీ లేదు. విద్యుత్ దీపాల దండలకు వచ్చేసరికి చిక్కు ఉంది. వారంటీ, తిరిగి ఇచ్చే గడువు రెండూ కొన్న రోజు నుంచో చేతికందిన రోజు నుంచో లెక్కకు వస్తాయే తప్ప, మొదటిసారి వెలిగించిన రోజు నుంచి కాదు. ఏడాది తర్వాత పెట్టె విప్పి చూస్తే సగం దండ వెలగకపోయినా అప్పటికి ఎవరినీ అడగలేము. అందుకని కొన్న రోజే పూర్తిగా విప్పి, కొంతసేపు వెలిగించి చూసి, ఆ తర్వాతే అటక ఎక్కించాలి.

ఇక ఒక తేదీకి కట్టుబడి నడిచే సేల్‌ల విషయం. నవంబరు నాలుగో గురువారం తర్వాతి రోజున వచ్చే బ్లాక్ ఫ్రైడే ఇందులో ప్రసిద్ధమైనది. ఇప్పుడు ప్రతి దేశంలోనూ, ప్రతి ఆన్‌లైన్ దుకాణంలోనూ దానికి తమ్ముళ్లు పుట్టుకొచ్చారు. వీటిలో తగ్గింపులు అబద్ధమని అనను గానీ, అలంకరణ వస్తువులకు ఇవి టీవీలకూ ఫోన్లకూ ఉపయోగపడినంతగా ఉపయోగపడవు. ఒక ఫోన్ మోడల్‌ను పది దుకాణాల్లో పోల్చవచ్చు. ఒక పూలకుండీనో గోడ అద్దాన్నో అలా పోల్చలేము, ఎందుకంటే అదే వస్తువును ఒక్కొక్కరు ఒక్కో పేరుతో అమ్ముతారు. పోల్చలేని వస్తువుకు 'అసలు ధర' ఎంతైనా రాయవచ్చు, దాన్ని కొట్టివేసి పక్కన మరో అంకె వేయవచ్చు.

చట్టాలు ఈ కొట్టివేతను కొంతవరకు కట్టడి చేశాయి. ఐరోపా సమాఖ్యలో 2022 మే 28 నుంచి అమలులో ఉన్న నిబంధనల ప్రకారం, తగ్గింపు ప్రకటించే దుకాణం అంతకు ముందు 30 రోజుల్లో తాను వసూలు చేసిన అతి తక్కువ ధరనే పాత ధరగా చూపాలి. ఫ్రాన్స్ మరికొంత ముందుకు వెళ్లింది. అక్కడ 'సోల్డ్' అనే పేరుతో అమ్మకాలు ప్రధానంగా ఏడాదికి రెండుసార్లు, 2020 నుంచి నాలుగేసి వారాల పాటు జరుగుతాయి. ఆ కాలంలో నష్టానికి అమ్మడానికి అనుమతి ఉంటుంది, కానీ ఆ సరుకు కనీసం నెల ముందే దుకాణంలో అమ్మకానికి ఉండి ఉండాలి. సేల్ కోసమే నాసిరకం సరుకు చేయించి, దాన్ని తగ్గించిన ధరకు ఇస్తున్నట్టు చూపే ఎత్తుగడకు ఈ ఒక్క షరతు అడ్డుపడుతుంది. అందుకే నేను చూసిన సేల్ నిబంధనల్లో నాకు బాగా నచ్చినది ఇదే. భారతదేశంలో 2023 నవంబరు 30న నోటిఫై అయిన డార్క్ పాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనుగోలుదారును తప్పుదోవ పట్టించే ఎత్తుగడలు) మార్గదర్శకాలు 13 పద్ధతులను నిషేధిత జాబితాలో చేర్చాయి. 'ఇంకా రెండే మిగిలాయి' అని లేని కొరతను చూపించి తొందరపెట్టడం వాటిలో ఒకటి.

పాత ధరలను మనమే చూసుకోవడానికి కీపా, క్యామెల్‌క్యామెల్‌క్యామెల్ వంటి సేవలు ఉన్నాయి. అమెజాన్‌లోని వస్తువు లింకు ఇస్తే, గడచిన నెలల్లో దాని ధర ఎలా పెరిగి తగ్గిందో గ్రాఫులో చూపుతాయి; మనం కోరిన ధరకు దిగితే కబురు పంపుతాయి. సేల్‌కు ముందు ధరను పెంచి, సేల్ రోజున మళ్లీ మామూలు స్థాయికి దించిన వైనం ఆ గ్రాఫులో దాగదు. ఒక పెద్ద తయారీదారు చాలాకాలంగా అమ్ముతున్న టేబుల్ లాంప్ వంటి వస్తువులకు ఇవి నిక్కచ్చిగా పనిచేస్తాయి. అమ్మకందారు పాత పేజీని తీసేసి అదే రగ్గును కొత్త పేజీలో పెడితే మాత్రం చరిత్ర సున్నా నుంచి మొదలవుతుంది, అలంకరణ వస్తువుల్లో ఇది తరచుగా జరిగేదే. బ్యాంకు కార్డు తగ్గింపులు కూడా ఆ గీతలో కనిపించవు. అమెజాన్ బయటి దుకాణాల విషయంలో నచ్చిన వస్తువు పేజీని సేల్‌కు నెల ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం తప్ప నాకు మంచి మార్గం కనిపించలేదు.

శాతాల లెక్క దగ్గర కూడా కాస్త ఆగాలి. '50 శాతం, దాని మీద మరో 20 శాతం' అంటే 70 శాతం కాదు; వంద రూపాయల వస్తువు ముందు 50కి, ఆ తర్వాత 40కి వస్తుంది, అంటే తగ్గినది 60 శాతం. 'రెండు కొంటే ఒకటి ఉచితం' అంటే మూడూ అవసరమైన వారికి మూడో వంతు తగ్గింపు, ఒక్కటే అవసరమైన వారికి రెట్టింపు ఖర్చు. 'గరిష్ఠంగా 80 శాతం' అన్న చోట ఆ 80 ఏ మూలనున్న ఏ వస్తువుకు వర్తిస్తుందో వెతికి చూస్తే, అది సాధారణంగా ఎవరికీ అక్కర్లేని రంగులో ఉంటుంది.

సేల్ కోసం ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. కర్టెన్ బట్ట, వాల్‌పేపర్, కలిసి కనిపించవలసిన కుషన్ కవర్లు ఈ కోవలోకి వస్తాయి. అద్దకంలో ఒక విడతకూ మరో విడతకూ రంగు కొద్దిగా మారుతుంది. వాల్‌పేపర్ చుట్టల మీద బ్యాచ్ నంబరు ముద్రించేది అందుకే. కిటికీ కడ్డీ వెడల్పుకు సుమారు రెండింతలు బట్ట ఉంటే గానీ కర్టెన్ నిండుగా మడతలు పడదు. క్లియరెన్స్‌లో మిగిలిన మూడు తెరలు చవకగా దొరికాయని కొని, నాలుగోది తర్వాత చూసుకుందామనుకుంటే, అదే విడతలో నాలుగోది ఇక దొరకకపోవచ్చు. అప్పుడు నాలుగూ మళ్లీ కొనవలసి వస్తుంది. చేతితో ముడివేసిన రగ్గుల మీద ఏడాది పొడవునా వేలాడే తగ్గింపు బోర్డులను నేను సేల్‌గా లెక్కించను. అది అక్కడి మామూలు ధరే. రగ్గును తిరగేసి వెనుకవైపు ముడుల సాంద్రత, అంచుల కుట్టు చూసి బేరమాడేవారికి ఏ నెలైనా ఒకటే.

ప్రదర్శనలో ఉంచిన నమూనాలను సీజన్‌తో సంబంధం లేకుండా తక్కువకు అడగవచ్చు, కానీ వాటికీ క్లియరెన్స్ సరుకుకూ రెండు మెలికలు ఉంటాయి: తిరిగి తీసుకోరు, ఇంటికి చేర్చే ఖర్చు విడిగా వేస్తారు. పెద్ద సోఫాకు రవాణా, మేడ మీదికి ఎక్కించే కూలీ, పాతదాన్ని తీసుకువెళ్లే ఖర్చు కలిపితే తగ్గింపులో చెప్పుకోదగ్గ భాగం అక్కడే పోతుంది. సేల్ ఇంకా రెండు వారాలుందనగా వస్తువు తప్పనిసరిగా కావలసి వస్తే, ఇప్పుడే కొంటే ధర తగ్గినప్పుడు తేడా తిరిగి ఇస్తారా అని అడగాలి. కొన్ని దుకాణాలకు అలా ఇచ్చే గడువు విధానం ఉంటుంది, అది బోర్డు మీద కాకుండా బిల్లు వెనుక సన్న అక్షరాల్లో ఉంటుంది. ఇస్తామంటే ఆ మాటను తేదీతో సహా బిల్లు మీద రాయించుకోవాలి.