కోడ్‌ఇగ్నైటర్ 3లో సొంత లైబ్రరీయా, హెల్పరా?

కోడ్‌ఇగ్నైటర్ అనేది వెబ్‌సైట్లు కట్టేందుకు వాడే పీహెచ్‌పీ ఫ్రేమ్‌వర్క్. పలుచోట్ల వాడే సొంత కోడ్‌ను అందులో హెల్పర్‌గానో, లైబ్రరీగానో రాసుకోవచ్చు.

శ్రమ: హెల్పర్‌కు మామూలు ఫంక్షన్లున్న ఒక ఫైలు చాలు. లైబ్రరీకి క్లాస్ (డేటాను, ఫంక్షన్లను కలిపి ఉంచే కోడ్) రాయాలి. ఫైలు పేరు, క్లాస్ పేరు ఒకటే అయి పెద్ద అక్షరంతో మొదలవ్వాలి. ఫైలు పేరులో ఆ అక్షరం చిన్నదైతే విండోస్‌లో నడిచిన కోడే లినక్స్ సర్వర్‌లో ఫైలు దొరకక ఆగిపోతుంది. కొత్తవారిని ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

ముప్పు: హెల్పర్ ఫంక్షన్లు గ్లోబల్, అంటే కోడ్ అంతటా అందుబాటులో ఉండేవి కనుక, ఒకే పేరు రెండుచోట్ల ప్రకటిస్తే ప్రోగ్రామ్‌ను ఆపేసే ఫేటల్ ఎరర్ వస్తుంది. లైబ్రరీలో ఫంక్షన్లు (మెథడ్లు) క్లాస్ లోపలే ఉంటాయి కనుక ఈ చిక్కు రాదు. అయితే ఫ్రేమ్‌వర్క్ డేటాబేస్‌ను వాడాలంటే రెండింటిలోనూ ఫ్రేమ్‌వర్క్ ప్రధాన ఆబ్జెక్టును అందించే ‘గెట్ ఇన్‌స్టాన్స్’ ఫంక్షన్‌ను పిలవాల్సిందే.

వెసులుబాటు: లైబ్రరీ లోడ్ అయ్యేటప్పుడే సెట్టింగులు అందుకొని, ఆ రిక్వెస్ట్ ముగిసేవరకు గుర్తుంచుకుంటుంది.

తేదీని చదవడానికి వీలుగా మార్చడం వంటి చిన్న పనికి హెల్పర్ సరిపోతుంది; చెల్లింపు గేట్‌వేతో మాట్లాడే కోడ్‌కు మాత్రం నిస్సందేహంగా లైబ్రరీయే తగినది.