సెమ్ అయ్యాక సగం డబ్బులు వెనక్కిస్తామనే పాత పుస్తకాల షాపులతో జాగ్రత్త

వైజాగ్‌లో ఇంజినీరింగ్ చదువుతున్న జూనియర్లకీ, వాళ్ల అమ్మానాన్నలకీ చెబుతున్నా. సెట్టు మొత్తం ఒకేసారి అంటగట్టి, "సెమ్ అయిపోయాక తెచ్చీండి, సగం డబ్బులిచ్చీస్తాం" అని నోటిమాట మీద అమ్మే షాపుల్లో పుస్తకాలు కొనకండి. తప్పక కొనాల్సి వస్తే ఏం చూసుకోవాలో కింద రాశాను. షాపు పేరు మాత్రం రాయడం లేదు. ఈ వ్యాపారం ఒక్క షాపుదే అయితే రాసేవాణ్నేమో. ఒక పేరు రాస్తే మిగతావాళ్లంతా మంచోళ్లనుకుని మీరు పక్క షాపులో దూరతారు.

మాది మెకానికల్. మొన్నటి సెమ్‌కి సార్లు బోర్డు మీద రాసిన టెక్స్ట్‌బుక్కులు ఐదూ, స్టీమ్ టేబుల్సూ (నీరు, ఆవిరి లెక్కలకి కావాల్సిన అంకెల పట్టికల పుస్తకం) కొత్తవి కొంటే 3,400 చిల్లర. మ్యాథ్స్ పుస్తకమొక్కటే వెయ్యికి కాస్త తక్కువ. వీటిలో అట్ట నుంచి అట్ట దాకా చదివేది ఒక్కటీ ఉండదు. ఒక్కో దాంట్లో రెండు మూడు యూనిట్లు, అదీ మిడ్స్ (సెమ్ మధ్యలో పెట్టే పరీక్షలు) ముందు. అయినా సార్ ప్రాబ్లమ్ నంబరు చెప్పి "రూమ్‌కెళ్లి చేసుకోండి" అంటే పుస్తకం లేకుండా కుదరదు. ఇంట్లో "చదువుకి వెనకాడొద్దురా" అంటారు, ఆ వెంటనే "ఎంతవుద్దేటి?" అని అడుగుతారు. ఆ రెండు మాటల మధ్యలోనే ఈ షాపుల బేరమంతా నడుస్తోంది.

ఆ షాపుని కనిపెట్టింది మా బ్యాచ్‌లో ఒకడు. అసలు పేరు వద్దు, మేమందరం కెప్టెన్ అంటాం. లంబసింగిలో మంచు పడుతోందని ఎవడో స్టేటస్ పెడితే అర్ధరాత్రి బండేసుకుని బయల్దేరే రకం. దారిలో హెడ్‌లైట్ పోతే ముందు పోతున్న లారీ వెనక లైట్లు పట్టుకుని ఘాట్ ఎక్కాడు. రుషికొండలో స్కూబా చేస్తానని డబ్బులు కట్టి, ఈత రాదన్న సంగతి పడవెక్కాక చెప్పాడు. వాడి లెక్కలో పుస్తకాల మీద మిగిలే ప్రతి రూపాయీ పెట్రోలే. "సెట్టు 1,900 మావా, మళ్లీ 950 వెనక్కొస్తాయి. అంటే సెమ్‌కి పడేది 950. ఇక కొత్తవి కొనేవాడు ఎవడు?" అన్నాడు. లెక్క వినడానికి బావుంది. క్లాసులో చాలామంది తీసుకున్నారు.

షాపతను మాట తీరు చాలా మంచిగా ఉంటుంది. "అన్నీ ఒరిజినలే బాబూ, మన సీనియర్లవే" అంటాడు. పుస్తకాలు ఐదూ కలిపి ప్లాస్టిక్ కవర్‌లో బిగించి ఉంటాయి, స్టీమ్ టేబుల్స్ మాత్రం బయటే. విప్పి చూస్తామంటే "విప్పితే మీరే తీసుకోవాలి" అంటాడు. బిల్లు అడిగితే "బిల్లు రాస్తే జీఎస్టీ 18 శాతం పడుద్ది, మీకే నష్టం" అని తెల్ల చీటీ మీద 1,900 అని రాసి, తారీఖు వేసి ఇస్తాడు. షాపు పేరుండదు, సంతకముండదు. ఫోన్‌పే కొడితే క్యూఆర్ మీద వచ్చే పేరు ఇంకెవరిదో.

ఇక్కడే మొదటి అబద్ధం పట్టుకోవచ్చు. అచ్చు పుస్తకాలకి జీఎస్టీ లేదు. పుస్తకం కొంటే బిల్లు రాసినా రాయకపోయినా పన్ను సున్నాయే. కాబట్టి జీఎస్టీ సాకుతో బిల్లు ఇవ్వనన్నాడంటే, రేపు ఆ కాగితం మీ చేతిలో ఉండకూడదన్నదే వాడి అసలు ఉద్దేశం.

రూమ్‌కొచ్చి కవర్ చింపాక ఒక్కో పుస్తకం ఒక్కో కథ. థర్మోడైనమిక్స్ పుస్తకం ఒరిజినల్లో బొమ్మలు రెండు రంగుల్లో ఉంటాయి, వేడి లోపలికొచ్చే బాణం ఎరుపు, బయటికెళ్లేది నీలం. మాకొచ్చిన దాంట్లో అన్నీ ఒకటే మసి. కాగితం ఎంత పల్చనంటే అవతలి పేజీలో ఉన్న ఫార్ములా ఇవతల తిరగేసి కనిపిస్తోంది. వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబరు) ఒకటి, లోపల పబ్లిషర్ పేజీలో ఇంకొకటి. 161 నుంచి 176 దాకా పేజీలు రెండుసార్లు బైండ్ చేసి, 177 నుంచి 192 దాకా అసలు లేకుండా చేశారు. ప్రెస్ తెలిసిన వాళ్లకి అర్థమవుతుంది, సరిగ్గా ఒక 16 పేజీల ఫారం మారిపోయింది. ఆ పోయిన ఫారంలోనే ఎంట్రోపీ పాఠం ఉంది. ఎంట్రోపీ పోతే బాధపడే స్టూడెంట్ ఉండడు గానీ, ఆ యూనిట్ నుంచి ఎగ్జామ్‌లో ప్రశ్న మాత్రం ఖాయం.

అన్నిటికన్నా ప్రమాదం స్టీమ్ టేబుల్స్. ఇది చదువుకునే పుస్తకం కాదు, ఎగ్జామ్ హాల్లోకి తీసుకెళ్లేది. దొంగ ప్రింటులో 3 ఏదో 8 ఏదో తేలదు. ఎలా చూసుకోవాలో చెబుతా, షాపులో నిలబడి రెండు నిమిషాల్లో అయిపోతుంది. 100 డిగ్రీల వరస తీయండి. హెచ్‌ఎఫ్ అన్న గడిలో 419, హెచ్‌ఎఫ్‌జీ గడిలో 2257 దగ్గర ఉండాలి, రెండూ కూడితే హెచ్‌జీ గడిలో ఉన్న 2676 రావాలి. దశాంశాల్లో చిన్న తేడా ఉంటే ఫర్వాలేదు. అలాగే ఇంకో నాలుగు వరసలు ఎక్కడివైనా కూడి చూడండి. కూడిక తప్పిందంటే అంకె తప్పు పడిందనే, ఆ పుస్తకం అక్కడే పెట్టేయండి. మాకిచ్చిన దాంట్లో ఒక వరస 90 దాకా తేడా వచ్చింది. ఎగ్జామ్‌లో జవాబు కుదరక, మెథడ్ తప్పేమోనని మళ్లీ మళ్లీ చేసుకున్న వాళ్లు మా హాల్లోనే ఉన్నారు.

ఇంకోటి. పాత స్టీమ్ టేబుల్స్ ప్రతి పేజీ మార్జిన్ చూడండి, అట్ట లోపలి వైపు కూడా. ఎవడో సీనియర్ పెన్సిల్‌తో రాంకైన్ సైకిల్ ఫార్ములాలన్నీ చీమల బారులా రాసుకుని ఉంటాడు. రాసింది మీరు కాదన్నా వినేవాళ్లుండరు, తనిఖీ స్క్వాడ్ వస్తే మాల్‌ప్రాక్టీస్ (కాపీ) కేసు పుస్తకం ఎవరి బెంచీ మీదుంటే వాళ్ల మీదే. స్టీమ్ టేబుల్స్ మటుకు కొత్తవే కొనుక్కోండి. మిగతా పుస్తకాలతో పోలిస్తే దాని ధర ఎంతని.

సెమ్ అయ్యాక సంగతి. పుస్తకాలు మోసుకుని వెళ్తే ఆ మంచి మాట తీరు లేదు. "రెగ్యులేషన్ మారిపోయింది బాబూ, ఇవెవడు కొంటాడు?" అన్నాడు. జేఎన్‌టీయూ కాలేజీల్లో చదివే వాళ్లకి ఇది బాగా తెలుసు, ఆర్20 అంటే 2020లో చేరిన వాళ్లతో మొదలైన సిలబస్, ఆర్23 అంటే 2023 వాళ్లతో మొదలైనది. మారినప్పుడు యూనిట్లు అటూ ఇటూ అవుతాయి గానీ థర్మోడైనమిక్స్ సూత్రాలేమీ మారవు, టెక్స్ట్‌బుక్కు చాలాసార్లు అదే ఉంటుంది. అది చెబితే "ఎడిషన్ కూడా మారింది" అన్నాడు. అదీ కాదంటే "అట్ట నలిగింది". ఆఖరికి ఐదూ కలిపి 150 ఇస్తానన్నాడు. ఆ 150 కూడా చేతికివ్వడు, వచ్చే సెమ్ సెట్టులో తగ్గిస్తాడట. అసలు కిటుకు ఇదేనని నాకనిపిస్తోంది. మొదటి సెమ్‌లో మోసపోయిన వాణ్ని రెండో సెమ్‌కీ తన దగ్గరికే రప్పించుకోవడం.

మేమంతా తిట్టుకుంటూ బయటికొచ్చేశాం. కెప్టెన్ మాత్రం ఊరుకోలేదు. వాడికి మొదట్నుంచీ ఫ్లూయిడ్ మెకానిక్స్ పుస్తకం మొదటి పేజీలో అంటించిన తెల్ల స్టిక్కర్ మీద అనుమానం. హాస్టల్‌కొచ్చి కరెంటు కెటిల్‌లో నీళ్లు మరిగించి, ఆ ఆవిరి మీద పేజీ పట్టుకుని స్టిక్కర్ నిదానంగా లేపాడు. (ఆ సెమ్ మొత్తానికి మాకు పనికొచ్చిన స్టీమ్ అదొక్కటే.) కింద ఊదా రంగు ముద్ర, వేరే కాలేజీ లైబ్రరీది, పక్కన ఇంకుతో రాసిన యాక్సెషన్ నంబరు, అంటే లైబ్రరీ రిజిస్టర్‌లో ఆ పుస్తకానికిచ్చే నంబరు. మామూలు వాళ్లెవరైనా మళ్లీ స్టిక్కర్ అంటించేసి ఊరుకుంటారు. వీడు బస్సెక్కి ఆ కాలేజీకి వెళ్లి, సెక్యూరిటీ వాళ్లతో "లైబ్రరీ పుస్తకం వాపసు ఇవ్వడానికొచ్చాను" అని చెప్పి లోపలికెళ్లాడు. నిజమే కదా మరి. లైబ్రేరియన్ మేడమ్ రిజిస్టర్ తీసి చూస్తే ఆ నంబరు ఎదురుగా "పోయింది" అని ఉంది, ఎవరో పిల్లాడు దానికి జరిమానా కూడా కట్టాడట. మేడమ్ పుస్తకం తీసుకుని, ముట్టినట్టు కాగితం రాసి సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇచ్చారు.

ఆ కాగితం పట్టుకుని కెప్టెన్ మళ్లీ షాపుకి వెళ్తే, షాపతను చదివి, అటూ ఇటూ చూసి, ఆ ఒక్క పుస్తకం డబ్బులు గల్లా పెట్టెలోంచి తీసి ఇచ్చేశాడు. మిగతావాటి మాటెత్తితే "నన్నేటి చెయ్యమంటావ్" అన్నాడు. కెప్టెన్ దాన్ని పెద్ద గెలుపులా చెప్పుకుంటున్నాడు. నాకలా అనిపించట్లేదు. నోరు మూయించడానికి ఒకడికిచ్చాడు, మిగతా అందరి డబ్బులూ అక్కడే ఉన్నాయి. పైగా లైబ్రరీ ముద్రున్న పుస్తకం మీ బ్యాగులో దొరికితే ముందు సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరు. కాబట్టి మొదటి పేజీలో, పదిహేనో పేజీ ఆ చుట్టుపక్కల, చివరి పేజీలో స్టిక్కరుందా, గీకిన మరక ఉందా చూసుకోండి. లైబ్రరీల వాళ్లు లోపల కూడా ఎక్కడో ఒక పేజీలో ముద్ర వేస్తారు, అది తీయడం అమ్మేవాళ్లు తరచూ మర్చిపోతారు.

కెప్టెన్‌లా బస్సెక్కి తిరగక్కర్లేదు, ఇంతకన్నా తేలిక దారుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మిన వస్తువుకి బిల్లు ఇవ్వకపోవడమే తప్పుడు వ్యాపార పద్ధతి కిందకొస్తుంది. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనన్నా అంతే. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు ఫిర్యాదు తీసుకుంటారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరిచ్చిన సొమ్ము 5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. రెండేళ్ల లోపు వేయాలి. ఆ 30 రోజుల మాట గుర్తుపెట్టుకుని, కవర్ విప్పిన రోజే పేజీలన్నీ తిప్పి చూసి, తేడా ఉంటే వెంటనే షాపతనికి వాట్సాప్‌లో ఫోటోలు పెట్టండి. సెమ్ అయ్యేదాకా ఆగితే మన మాటకి బలముండదు.

బిల్లు ఎంతకీ ఇవ్వకపోతే యూపీఐలోనే కట్టండి, నోట్ రాసే చోట "5 పుస్తకాలు, సగం వాపసు" అని రాయండి. నోటిమాటని అతను కాదనొచ్చు, బ్యాంకు రికార్డుని కాదనలేడు. అది కూడా వద్దని నగదే కావాలన్నాడా, ఇక నమస్కారం పెట్టి వచ్చేయండి.

పుస్తకాలు అమ్ముకునే వాళ్లకి కూడా ఒక మాట. వాట్సాప్ గ్రూపులో "మీ సెట్టు నేను కొంటా" అని మెసేజ్ చేసి, క్యూఆర్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బులు పడతాయి" అనేవాళ్లు తయారయ్యారు. డబ్బులు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ అడిగిందంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే ఆ సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ.

మరి తక్కువలో ఎలా గడపాలంటే, నేను ఈ సెమ్‌కి రెండు పుస్తకాలు సీనియర్ దగ్గర నేరుగా తీసుకున్నా, మిగతావి కాలేజీ లైబ్రరీలో. మొదటి వారంలో వెళ్తేనే దొరుకుతాయి, మిడ్స్ ముందు వెళ్తే ఖాళీ ర్యాకులే. కూర్చుని చదువుకోవడానికి ద్వారకానగర్‌లో పబ్లిక్ లైబ్రరీ ఉంది. ఫస్టియర్ వాళ్లకి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) వాళ్ల ఈ-కుంభ్ పోర్టల్‌లో పుస్తకాలు ఉచితం, తెలుగులో కూడా ఉన్నాయి. మన కాలేజీల్లో ఆ సంగతి ఎవరూ చెప్పరెందుకో. ప్రాబ్లమ్స్ అర్థం కాకపోతే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ సార్ల పాఠాల వీడియోలు చూడండి, థర్మోకి అవే నన్ను గట్టెక్కించాయి.

మీలో ఎవరి దగ్గరైనా షాపు పేరులేని తెల్ల చీటీ ఉంటే పారేయకండి. చీటీ, యూపీఐ స్క్రీన్‌షాట్, తప్పుపడ్డ పేజీల ఫోటోలు దాచి నాకు చెప్పండి. ఒకే రకం నష్టం జరిగిన వాళ్లంతా కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేయొచ్చు. మా క్లాసు వాళ్లవి కెప్టెన్ పోగు చేస్తున్నాడు.