మెరిసే అంబాసిడరా, తుప్పు కనిపించే అంబాసిడరా?

నెల రోజులుగా నేనూ మా బావమరిదీ పాత అంబాసిడర్ కోసం తిరుగుతున్నాం. తిరిగి తిరిగి చివరికి రెండు మిగిలాయి. ఒకటి గుంటూరు బ్రాడీపేటలో, రేకుల షెడ్డు కింద ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న బండి. తెల్ల రంగు చెయ్యి పెడితే సున్నంలా అంటుకుంటుంది, ముందు ఎడమ డోర్ కింది అంచు జల్లెడ, డిక్కీ నేలకి రూపాయి బిళ్లంత కన్నం. అడిగింది లక్షా పాతిక వేలు. రెండోది విజయవాడ సింగ్‌నగర్ వైపు, కొత్తగా పెయింట్ కొట్టించారు, బానెట్‌లో చూసుకుని తల దువ్వుకోవచ్చు. దానికి రెండున్నర లక్షలు. మా వాడు చూసీ చూడగానే "అడ్వాన్స్ ఎంతిద్దాం బావా?" అన్నాడు.

నేనైతే మొదటిదే అంటాను. ఎందుకంటే తుప్పు ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నదే అసలు లెక్క.

జీపుకైతే కింద ఛాసిస్ (బరువు మోసే ఇనప చట్రం) వేరు, పైన బాడీ వేరు, రేకు కుళ్లిపోతే కోసేసి కొత్తది వేసుకోవచ్చు. అంబాసిడర్ అలా కాదు. అది ఇంగ్లండ్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండి, 2014లో బెంగాల్లోని ఉత్తర్‌పారాలో తయారీ ఆగిపోయేదాకా మూలరూపం పెద్దగా మారలేదు. దానికి విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. కాబట్టి డోర్‌కి పడ్డ చిల్లు చూడ్డానికి భయంగా ఉన్నా అది చీర అంచు చిరగడం లాంటిదే, డోరే మార్చెయ్యొచ్చు. డోర్ల కింద గడపలా పొడుగ్గా ఉండే డబ్బా భాగం, వెనక కమాన్ పట్టీలు బిగించే చోటు, సీట్ల కింద అడ్డబద్దీ పుచ్చితే మాత్రం ఇంటి దూలం పుచ్చినట్టే. (పాత ప్రీమియర్ పద్మినీ కారు కొనేవాళ్లకీ ఇదే లెక్క, అదీ విడి ఛాసిస్ లేని బండే.)

ఆటోనగర్‌లో టింకరింగ్ చేసే మేస్త్రి ఒకాయన్ని రెండు బండ్ల దగ్గరికీ తీసుకెళ్లాం. ఆయన జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి, పెయింట్ గీసుకోకుండా రుమాల్లో చుట్టి, సింగ్‌నగర్ బండి టాప్ మీద పెడితే టక్కున పట్టుకుంది. వెనక మడ్‌గార్డ్ అంచు దగ్గర పెడితే జారి కింద పడింది. అంటే అక్కడ రేకు మీద వేలు మందం పుట్టీ ఉంది. పుట్టీ చెమ్మ పీలుస్తుంది, దాని వెనక తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది, ఇనుము తుప్పయితే ఉబ్బుతుంది కాబట్టి ఒకటి రెండు వానాకాలాలకి పెయింట్ పొక్కులు పొక్కులుగా లేస్తుంది. తర్వాత డోర్ కింద వేలు పెట్టి తడిమి, "నీళ్లు పోయే కన్నాలు కూడా పుట్టీతో మూసేశారు బాబూ, వానొస్తే లోపల చెరువే" అన్నాడు. 2024 సెప్టెంబరు బుడమేరు వరద గీత ఆ వీధి గోడల మీద ఇంకా ఉంది. బండి మునిగిందా అని అడిగితే, అప్పుడు ఊళ్లో లేదన్నారు. కావచ్చు. కానీ మ్యాట్ లేపితే ఫ్లోర్ అంతా కొత్తగా నల్ల తారు కోటింగ్. మంచి రేకు మీద ఆ కోటింగ్ మేలే, తుప్పు మీద పూస్తే మాత్రం చెమ్మని లోపలే పెట్టి మూత పెట్టినట్టు.

తేల్చింది జాకీ. డోర్ పక్కన జాకీ పెట్టి బండి లేపి, వెనక డోర్ తీసి వెయ్యమన్నాడు. సింగ్‌నగర్ బండి డోర్ సగంలో బిగుసుకుంది, లాక్ కలవలేదు. బరువు పడగానే బాడీ కుంగుతోందన్న మాట. గుంటూరు బండికి అదే పని చేస్తే డోర్ మామూలుగా పడింది. కింద స్క్రూడ్రైవర్ పిడితో కొట్టుకుంటూ పోతే అంతా టంగుటంగుమంది, డ్రైవర్ పక్క సీటు కాళ్ల దగ్గర మాత్రం తప్పుమని పెచ్చులు రాలాయి. ముందు అద్దం రబ్బరు ఎండిపోయి అక్కడి నుంచి నీళ్లు కారాయట. అరచెయ్యి అంత రేకు, అంతే. మంచి రేకు తగిలేదాకా కోసి, కొత్తది పెట్టి సీఓటూ వెల్డింగ్ (కరెంటుతో చేసేది) చెయ్యాలి, గ్యాస్ వెల్డింగ్ అయితే వేడికి పల్చటి రేకు మెలిదిరుగుతుంది.

"మరి గుంటూరు బండి ఇంజన్ తిరగట్లేదుగా?" అంటాడు మా వాడు. నిజమే, సింగ్‌నగర్ బండి ఇవాళే ఎక్కి బెజవాడంతా తిరగొచ్చు, ఇది ట్రాలీ మీద తేవాలి. కానీ ఆటోనగర్‌లో అంబాసిడర్ ఇంజన్ విప్పి బిగించే చేతులకి కొదవ లేదు, పని మొదలెట్టకముందే ఖర్చు అటూ ఇటుగా చెప్పేస్తారు. పుట్టీ వెనక ఏముందో గీకి చూసేదాకా ఎవరూ చెప్పలేరు, అక్కడే బేరం తప్పుతుంది.

ఇంకొకటి, ఆర్‌సీ. సొంత బండికి మొదటి 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రెన్యూవల్ ఉంటుంది, అప్పుడు ఛాసిస్ నంబర్ (విడి ఛాసిస్ లేకపోయినా బాడీ మీద కొట్టి ఉండేది) చదవడానికి వీలుగా ఉండాలి. గుంటూరు బండిది కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే ప్రతి అంకె కనిపించింది, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ కూడా తీసుకున్నాం. రెండోదాని మీద పెయింట్ ఎంత మందంగా ఉందంటే మూడా ఎనిమిదా తెలియలేదు.

మొదటిది లక్షా పదికి దిగింది, మూల పడున్న పాత డోర్ ఒకటి ఊరికే ఇస్తామన్నారు. మా బావమరిది మాత్రం ఇప్పటికీ ఫోన్‌లో ఆ మెరిసే బండి ఫొటోలే చూసుకుంటున్నాడు.