విదేశీ ప్రభుత్వ నిధికి పన్ను మినహాయింపు: హోదా చూసి ఇవ్వాలా, పెట్టుబడి చూసి ఇవ్వాలా?

ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఉంది. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడడం, కొరత వచ్చినప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పడం దాని పని. కట్టింది హైదరాబాద్ కంపెనీ గ్రీన్‌కో. ఆ కంపెనీలో మెజారిటీ వాటా సింగపూర్ ప్రభుత్వ నిధి జీఐసీది. అబుధాబి ప్రభుత్వ నిధి ఏడీఐఏకూ వాటా ఉంది. అంటే రాయలసీమ కొండల్లో రెండు పరాయి దేశాల ఖజానా డబ్బు ఉంది. ఇలాంటి డబ్బు లాభంతో వెనక్కి వెళ్లేటప్పుడు మనం పన్ను అడగాలా, వదిలేయాలా? వదిలేస్తే ఏ షరతు మీద?

చిన్న మొత్తాల సంగతి కాదిది. ఒక నిధి 1,000 కోట్లు పెట్టి, ఐదేళ్ల తర్వాత వాటాను 1,800 కోట్లకు అమ్మిందనుకుందాం. లాభం 800 కోట్లు. దీర్ఘకాలిక మూలధన లాభం మీద 12.5 శాతం చొప్పున 100 కోట్లు పన్ను. సర్‌చార్జి, సెస్సు దాని మీద అదనం.

ఒక రాజ్యం ఇంకో రాజ్యం మీద పన్ను వేయదన్నది పాత ఆనవాయితీ. రాయబార కార్యాలయాల రోజుల్లో దానితో పేచీ ఉండేది కాదు. ఆ రాజ్యమే విమానాశ్రయాలు, షాపింగ్ మాళ్లు కొనడం మొదలుపెట్టాక చిక్కు వచ్చింది. దాన్ని ఒక్కో దేశం ఒక్కోలా విప్పుకుంది.

అమెరికా చూసేది హోదా, అంటే డబ్బు పెట్టింది విదేశీ ప్రభుత్వమా కాదా అన్నది. అక్కడి పన్ను చట్టం 892వ సెక్షన్ ప్రకారం విదేశీ ప్రభుత్వానికి షేర్లు, బాండ్ల మీద వచ్చే ఆదాయానికి పన్ను లేదు. 1986లో ఒక గట్టి కట్టుబాటు చేర్చారు: అది వ్యాపారం కాకూడదు. వ్యాపారం చేసే కంపెనీలో నిధికి 50 శాతం, ఆపైన వాటా ఉన్నా, పెత్తనం నిధి చేతిలో ఉన్నా, అక్కడి నుంచి వచ్చే ఆదాయానికి మినహాయింపు పోతుంది. అందుకే నిధులు సగానికి కొంచెం తక్కువ దగ్గర ఆగిపోతాయి. వాటా తగ్గించుకున్నా, ఓటు హక్కుల్లో, బోర్డు సీట్లలో పెత్తనం ఎక్కడ మొదలవుతుందో తేల్చడానికి లాయర్లకు నెలలు పడుతుంది.

బ్రిటన్‌లో దీనికి రాతపూర్వకమైన చట్టమే లేదు. పాత ఆనవాయితీ మీదే నడుస్తోంది. 2022లో ప్రభుత్వం దాన్ని కుదించాలని చూసింది. వడ్డీకి మాత్రం మినహాయింపు ఉంచి, ఆస్తుల మీద, వ్యాపారం మీద వచ్చే ఆదాయానికి పన్ను వేస్తామంది. 2023లో ఆ ఆలోచన మానుకుంది. ఆస్ట్రేలియా మాత్రం 2019లో చట్టం చేసేసింది. కంపెనీలో నిధి వాటా 10 శాతం లోపు ఉండాలి, నిర్ణయాల్లో దాని మాట చెల్లకూడదు. అప్పుడే మినహాయింపు.

మన దేశం హోదాతో పాటు డబ్బు ఎక్కడికి వెళ్లిందో కూడా చూస్తుంది. 2020 ఆర్థిక చట్టంతో 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోకి 10(23ఎఫ్ఈ) అనే నిబంధన వచ్చింది. రోడ్లు, రేవులు, విద్యుత్తు లాంటి మౌలిక సదుపాయాల్లో పెట్టుబడి పెట్టి, కనీసం మూడేళ్లు కదపకుండా ఉంచితే డివిడెండు, వడ్డీ, దీర్ఘకాలిక లాభం మూడింటికీ పన్ను లేదు. ఏడీఐఏ పేరు చట్టంలోనే రాశారు. మిగతా నిధులు దరఖాస్తు పెట్టుకుంటే ఒక్కోదాని పేరిట నోటిఫికేషన్ వస్తుంది. ఆ ఏడాది నవంబరులోనే అబుధాబి మరో ప్రభుత్వ నిధి ముబాదలాకు చెందిన సంస్థకు అలా వచ్చింది.

నాకు మన పద్ధతే మేలనిపిస్తుంది. పిన్నాపురం లాంటి ప్రాజెక్టులో ఒక నిధికి 51 శాతం వాటా ఉందనుకోండి. అమెరికా లెక్కలో అది వ్యాపారం, మినహాయింపు పోయినట్టే. ఆస్ట్రేలియా లెక్కలో 10 శాతం దగ్గరే పోయేది. మన 10(23ఎఫ్ఈ) వాటా శాతం అడగదు. రోజువారీ నిర్వహణలో వేలు పెట్టకూడదంటుంది, అంతే. పెట్టుబడిని కాపాడుకోవడానికి డైరెక్టర్‌ను నియమించుకోవచ్చని 2021లో స్పష్టం చేశారు కూడా. డ్యాములు, ప్రసార లైన్లు కట్టేవాళ్లకు 9 శాతం వాటా పెట్టి ఊరుకునే భాగస్వామి ఎందుకు? కష్టకాలంలో మళ్లీ డబ్బు తెచ్చిపెట్టే పెద్ద భాగస్వామి కావాలి. అదే నార్వే నిధి సంగతి వేరు. ప్రపంచమంతటా వేల కంపెనీల్లో కొద్దికొద్దిగా షేర్లు కొనడం దాని తీరు. ఆస్ట్రేలియా గీత దానికి పెద్దగా అడ్డు రాదు. అలాగే మన దగ్గర మందుల కంపెనీ షేర్లు కొని అమ్ముకునే నిధికి 10(23ఎఫ్ఈ) అక్కరకు రాదు. రాకూడదు కూడా.

అయితే మన పద్ధతి కాగితం మీద కనిపించేంత సుఖం కాదు. అప్పు షరతే చూడండి. భారత్‌లో పెట్టుబడి కోసం అప్పు తెచ్చి ఉండకూడదు. ఇలాంటి నిధుల పన్ను లెక్కలు చూసే మా దగ్గరికి వచ్చిన ఒక ఫైలులో, నిధి తన డబ్బు పంపే కంపెనీల గొలుసులో పై అంచెలోని కంపెనీ వేరే దేశంలో ఏదో కొనుగోలు కోసం రెండు నెలలకు బ్రిడ్జి లోను (తాత్కాలిక అప్పు) తీసుకుంది. సరిగ్గా అదే వారంలో భారత్‌కు డబ్బు పంపింది. ఆ రూపాయి ఈ అప్పులోది కాదని చూపడానికి మూడు దేశాల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని, తేదీ పక్కన తేదీ పెట్టి, ఒక్కో బదిలీకీ పెన్సిలుతో గీతలు గీసుకున్నాం. అప్పు ప్రత్యేకంగా భారత్ పెట్టుబడి కోసం తెచ్చింది కాకపోతే, పెట్టిన సొమ్ము ఆ అప్పులోంచి రాకపోతే ఇబ్బంది లేదని 2021 అక్టోబరులో సర్క్యులర్ వచ్చింది, నిజమే. కానీ రుజువు చేసుకునే బరువు నిధి మీదే. ఎక్కడైనా షరతు తప్పితే, అంతకుముందు మినహాయింపు పొందిన ఆదాయమంతా ఆ ఏడాది పన్నులోకి వచ్చి పడుతుంది. ఆరేళ్ల డివిడెండు ఒక్క ఏడాది లెక్కలో! నిధి నడిపేవాళ్లకు నిద్ర పట్టనివ్వని వాక్యం ఇది.

అందుకే, ద్విపక్ష పన్ను ఒప్పందంలో తన పేరు ఉన్న నిధికి నేను మొదట ఆ దారే చూడమంటాను. భారత్–యూఏఈ ఒప్పందం 24వ అధికరణ ఏడీఐఏకు మినహాయింపు ఇస్తుంది. మౌలిక సదుపాయాలా కాదా, మూడేళ్లు ఆగారా లేదా అన్న ప్రశ్నలు అక్కడ లేవు. ఇదీ పూర్తిగా నున్నని దారి కాదు. ఏడీఐఏ జెర్సీ ద్వీపంలో పెట్టిన ట్రస్టు ద్వారా ఇక్కడి రుణపత్రాల్లో డబ్బు పెడితే, ఒప్పందం వర్తించదని, పన్ను ప్రశ్నలను ముందుగానే తేల్చే అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ తేల్చింది. ఏడీఐఏ బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. ట్రస్టు ఎప్పుడైనా రద్దు చేసుకోగలిగేది కాబట్టి ఆదాయం ఏడీఐఏదేనని 2021లో కోర్టు తీర్పు ఇచ్చింది. మధ్యలో ఒక ట్రస్టును నిలబెట్టినందుకు కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఇలాంటి పెట్టుబడికి అంచెలు ఎంత తక్కువైతే అంత క్షేమం.

హోదా మీద ఇచ్చే మినహాయింపు స్థిరంగా ఉంటుందని చాలామంది నమ్మకం. 2025లో అమెరికాలో జరిగింది ఆ నమ్మకానికి దెబ్బ. అమెరికన్ కంపెనీలపై అన్యాయమైన పన్నులు వేస్తున్న దేశాలంటూ, వాటి ప్రభుత్వ నిధులకు 892 మినహాయింపు తీసేసేలా ప్రతినిధుల సభ బిల్లులో 899వ సెక్షన్ పెట్టారు. జీ7 దేశాలతో అవగాహన కుదిరాక జూన్ చివర్లో దాన్ని ఉపసంహరించుకున్నారు. దాదాపు నలభై ఏళ్లుగా కదలని నియమం కొన్ని వారాల పాటు గాల్లో వేలాడింది.

మన దగ్గర గాల్లో వేలాడేది గడువు. మినహాయింపుకు అర్హమైన పెట్టుబడి పెట్టడానికి తొలి గడువు 2024 మార్చి 31. దాన్ని ఆ ఏడాది ఫిబ్రవరి 1 మధ్యంతర బడ్జెట్‌లో 2025కు జరిపారు. మళ్లీ 2025 ఫిబ్రవరి 1న 2030 మార్చి 31కి జరిపారు. రెండు సార్లూ గడువుకు కేవలం రెండు నెలల ముందు చెప్పారు. పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుకు సర్వేలు, అటవీ అనుమతులు, సొరంగాలు కలిపి ఏళ్లు పడుతుంది. డబ్బు విడతలుగా వస్తుంది. 2028లో మొదలయ్యే ప్రాజెక్టుకు చివరి విడత 2031లో పెట్టే నిధి, ఆ విడతకు పన్ను ఉంటుందో ఉండదో తెలియకుండానే ఇవాళ కరెంటు రేటు కోట్ చేయాలి. తెలియనిదాన్ని అది ఖర్చుగానే లెక్క వేసుకుంటుంది, ఆ ఖర్చు చివరికి మన కరెంటు బిల్లులోకి వస్తుంది. 2030 తర్వాతి సంగతి 2030 ఫిబ్రవరిలో కాదు, 2027 బడ్జెట్‌లోనే చెప్పాలి.