కొత్త బ్యాండుకు ఏది మేలు: పేరు రాతా, గుర్తా, ముఖమా?

నాలుగు పాటలు రికార్డు చేసి విడుదలకు సిద్ధమైన బ్యాండుకు వెంటనే ఎదురయ్యే పని ఒకటుంది. కవరు మీద, టీషర్టు మీద, డ్రమ్ము మీద, యూట్యూబ్ ఛానెల్ గుండ్రటి బొమ్మలో ఏం పెట్టాలో తేల్చుకోవాలి. దారులు మూడు. పేరునే ప్రత్యేకంగా రాయించుకుని దాన్నే లోగో చేసుకోవడం ఒకటి. మాట లేని గుర్తు గీయించుకోవడం రెండోది. పాడేవాళ్ల ఫొటోను ముందు నిలపడం మూడోది. తెలుగులో పాడే కొత్త బృందానికి మా ఓటు పేరు రాతకే. ఒంటరి గాయకులకూ, శాస్త్రీయ సంగీతం వాళ్లకూ మాత్రం ముఖానికే. గుర్తు సంగతి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి. డబ్బూ సమయమూ ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే.

ముందు కొలతలు

ఏది ఎంచుకున్నా అది ఇమడాల్సిన చోట్లు చూసుకోవాలి. స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్ లాంటి వాటికి పాటలు చేరవేసే సంస్థలు మామూలుగా అడిగేది 3000×3000 పిక్సెళ్ల చదరపు కవరు, తెరల కోసం వాడే ఆర్‌జీబీ రంగుల్లో. అదే కవరు ఫోన్‌లో పాటల జాబితాకు వచ్చేసరికి సుమారు 8 మిల్లీమీటర్ల చదరం అయిపోతుంది. యూట్యూబ్ థంబ్‌నెయిల్ 1280×720. కుడివైపు కింది మూలలో పాట నిడివి అంకెలు పడతాయి కాబట్టి ఆ మూల ఖాళీగా వదిలేయాలి. సీడీ ముందు పేజీ 120 మి.మీ. చదరం, చుట్టూ కోతకు మరో 3 మి.మీ. ఎల్‌పీ (పెద్ద వినైల్ రికార్డు) కవరు సుమారు 315 మి.మీ. దాన్ని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చు వేయాలంటే 3720 పిక్సెళ్లు కావాలి. స్ట్రీమింగ్ కోసం చేసిన ఫైలునే ఎల్‌పీకి ఇస్తే ఫొటో మసకబారేది అందుకే.

వేదిక లెక్క వేరు. దూరం నుంచి హాయిగా చదవాలంటే ప్రతి 10 అడుగులకు ఒక అంగుళం అక్షరం ఎత్తు ఉండాలని బోర్డులు రాసేవాళ్ల లెక్క. వంద అడుగుల దూరంలో నిలబడ్డ శ్రోతకు 10 అంగుళాలు. తెలుగులో ఈ ఎత్తును అక్షరం ఒంటికే కొలవాలి. పైన గుడి, కింద వత్తు ఈ లెక్కలోకి రావు. బేస్ డ్రమ్ము ముందువైపు మామూలుగా 22 అంగుళాలు ఉంటుంది. అందులో మైకు కోసం నాలుగైదు అంగుళాల రంధ్రాన్ని మధ్యలో కాకుండా ఓ పక్కకు, కింది భాగంలో కోస్తారు. రంధ్రం ఎటుందో డ్రమ్మరును అడగకుండా లోగో అచ్చు వేయిస్తే చివరి అక్షరం అందులోకి పోతుంది.

పేరు రాత

సంగీతం నోటి మాటగా వ్యాపిస్తుంది. పాట విన్నవాడు పక్కవాణ్ణి అడుగుతాడు, పక్కవాడు పేరు చెబుతాడు, మొదటివాడు ఫోన్‌లో టైపు చేసి వెతుకుతాడు. ఈ గొలుసులో గుర్తుకు చోటు లేదు. 1993లో అమెరికన్ గాయకుడు ప్రిన్స్ తన పేరు తీసేసి, పలకడానికి వీల్లేని ఒక గుర్తును పేరుగా పెట్టుకున్నప్పుడు, పత్రికలు దాన్ని అచ్చు వేసుకోవడానికి రికార్డు కంపెనీ ఆ గుర్తున్న ఫాంటును ఫ్లాపీల్లో పంపాల్సి వచ్చింది. అయినా లోకం ఆయన్ను 'ఒకప్పటి ప్రిన్స్' అనే పిలిచింది. 2000లో ఆయన పాత పేరుకే తిరిగి వచ్చాడు. అప్పటికే జగమంతా తెలిసిన గాయకుడికే ఇంత ఇబ్బంది అయితే, నాలుగు పాటల బ్యాండు ఆ సాహసం చేయకూడదు.

పేరు రాతకు బలమైన ఉదాహరణ బీటిల్స్. 1963లో లండన్‌లో డ్రమ్ముల దుకాణం నడిపే ఐవర్ ఆర్బిటర్ వాళ్ల డ్రమ్ము కోసం ఆ పేరును గీశాడు. మొదటి అక్షరం పెద్దది, మధ్యలోని 'టీ' అక్షరం కాలు గీత దాటి కిందికి దిగుతుంది. అంతే. ఒక్క అక్షరంలో ఒక్క మార్పు, మిగతాదంతా మామూలుగా చదువుకునే రాత. మంచి పేరు రాతకు ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

తెలుగులో ఆ ఒక్క మార్పుకు చోట్లు కావలసినన్ని ఉన్నాయి: తలకట్టు, కొమ్ము, దీర్ఘం, వత్తు. 'దరువు' లాంటి పేరులో వత్తులు లేవు, రాత పొడుగ్గా పట్టీలా కుదురుతుంది. బ్యానరుకు బాగుంటుంది, చదరానికి కష్టం. 'పల్లకి' అనుకుంటే లకారం వత్తు కిందికి దిగుతుంది, గుడి పైకి లేస్తుంది. చదరంలో చక్కగా కూర్చుంటుంది, పొడుగు పట్టీలో మాత్రం పైనా కిందా ఖాళీ తినేస్తుంది. అందుకే పేరు ఖాయం చేయకముందే దాన్ని కాగితం మీద ఒక వరుసలోనూ, రెండు వరుసల్లోనూ రాసి చూడాలి. రెండు వరుసలైతే పై వరుస వత్తులు, కింది వరుస గుడులు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా, వీలైతే ఒకదాని ఖాళీలో ఒకటి ఇమిడేలా అమర్చాలి. తెలుగు రాతలో అసలైన అందం అక్కడ పుడుతుంది. దీనికి ఎంత సమయం పెట్టినా తక్కువే.

ఫాంటుతో మొదలుపెట్టడంలో తప్పు లేదు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, బాలూ తమ్ముడు లావుగా ఉంటాయి, చిన్న సైజులోనూ నిలుస్తాయి. అనెక్ తెలుగులో లావునే కాదు, వెడల్పునూ మార్చుకోవచ్చు. పొడుగు పేర్లకు అది వరం. వీటి ఓపెన్ ఫాంట్ లైసెన్సు ప్రకారం లోగోలో వాడుకోవచ్చు, రుసుము లేదు. కానీ టైపు చేసి వదిలేస్తే అదే ఫాంటు రేపు పెళ్లి ఫ్లెక్సీ మీదా కనిపిస్తుంది. అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే సవరించడానికి వీలైన గీతలుగా మార్చి, తలకట్టు కోణం, అక్షరాల మధ్య ఎడం, ఒక కలయిక అయినా చేత్తో సవరించాలి. ఫొటోషాప్‌లోనో ఇల్లస్ట్రేటర్‌లోనో టైపు చేస్తే వత్తులు విడిపోయి పక్కపక్కన పడుతున్నాయంటే ఫాంటు చెడిందని కాదు. సెట్టింగుల్లో దక్షిణాసియా లిపుల కంపోజర్‌ను (అక్షరాలను కలిపి అమర్చేదాన్ని) ఎంచుకోలేదని అర్థం. డీటీపీలో వాడే అను ఫాంట్లతో చేసిన రాత అయితే యూనికోడ్ (అన్ని చోట్లా ఒకేలా చదవబడే అక్షరాల కోడ్) కాదు. ఫైలులోంచి పేరును కాపీ చేసి వేరేచోట అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి, కాబట్టి పాటల వివరాల్లోకి పేరును విడిగా టైపు చేసుకోవాలి.

అచ్చులో తప్పు జరిగే చోటు అక్షరాల లోపలి ఖాళీలు. స్క్రీన్ ప్రింటింగ్‌లో సిరా గుడ్డ మీద కొంచెం పాకుతుంది. నల్ల టీషర్టు మీద రంగు తేలాలంటే అడుగున తెల్ల సిరా వేస్తారు, అంటే రెండు పొరలు, ఇంకొంచెం పాకడం. ప, వ అక్షరాలకు తేడా తలకట్టు విడిగా ఉందా అంటుకుందా అన్నదే కాబట్టి, ఆ సందు పూడితే పల్లకి 'వల్లకి' అవుతుంది. గీతలకూ సందులకూ టీషర్టు మీద కనీసం అర మిల్లీమీటరు ఉంచాలి. ఘ, ష లాంటివి పేరులో ఉంటే ఇంకా ఎక్కువ.

దీని బలహీనత కూడా చెప్పాలి. ఆరేడు అక్షరాల పేరు 8 మిల్లీమీటర్ల చదరంలో ఎంత లావుగా రాసినా చదవబడదు. చిన్న బొమ్మకు మొదటి అక్షరాన్ని మాత్రమే, అదే రాతలోంచి తీసి వాడుకోవాలి. అప్పుడు అదే క్రమంగా గుర్తుగా మారుతుంది. గుర్తు కావాలనుకునేవాళ్లకు మేము సూచించే దారి ఇదే.

గుర్తు

మాట లేని గుర్తు బలం ఏమిటో గ్రామఫోన్ కాలం చూపించింది. ఫ్రాన్సిస్ బరో అనే చిత్రకారుడు గీసిన నిప్పర్ కుక్క బొమ్మను 1899లో గ్రామఫోన్ కంపెనీ కొన్నది. మొదట బొమ్మలో ఉన్నది సిలిండర్ ఫోనోగ్రాఫు అనే వేరే రకం పాటల యంత్రం. దాని మీద గ్రామఫోన్ గీసి ఇచ్చాకే కొన్నది. ఆ కుక్క బొమ్మ వల్ల ఇంగ్లీషు చదవలేనివాళ్లు కూడా మన ఊళ్లలో ఆ కంపెనీ హెచ్‌ఎంవీ రికార్డును గుర్తుపట్టారు. కానీ దాని వెనక దశాబ్దాల ప్రకటనలూ, ప్రతి దుకాణంలో బోర్డులూ ఉన్నాయి. రోలింగ్ స్టోన్స్ నాలుక గుర్తూ అంతే. 1970లో జాన్ పాష్ అనే విద్యార్థి 50 పౌండ్లకు దాన్ని గీశాడు. మిక్ జాగర్ అతనికి చూపించింది మన కాళికాదేవి బొమ్మ. 1971 నుంచి ఆల్బమ్ మీదా ప్రదర్శనల్లోనూ ఆడి అది ప్రసిద్ధమైంది. అప్పటికే ఆ బ్యాండు పేరు అందరికీ తెలుసు. పేరు ముందు, గుర్తు తరవాత.

కొత్త బ్యాండ్లు చేసే తప్పు ఏమిటంటే వీణ, మైకు, హెడ్‌ఫోన్లు, స్వరాల ముందు వేసే ఆ వంకర గీత: వీటిని ఉచిత బొమ్మల సైట్లలోంచి తీసుకోవడం. అవి 'ఇది సంగీతం' అని చెబుతాయి, 'ఇది మేము' అని చెప్పవు. వాద్యం నిజంగా మీదే అయితే గీయించండి, కానీ వాయించేవాళ్ల దగ్గర కూర్చుని గీయించండి. డప్పు గీస్తే రెండు పుల్లలూ ఒకేలా ఉండవు: ఒకటి పొట్టిగా లావుగా, ఇంకొకటి పొడుగ్గా సన్నగా. మృదంగం రెండు మూతులూ ఒకే సైజు కాదు. ఇలాంటి పొరపాటును వాద్యం తెలిసినవాళ్లు ఒక్క చూపులో పట్టేస్తారు, ఆ బ్యాండు మీద వాళ్లకు నమ్మకం పోతుంది.

పాటకు మాటలు లేని బృందాలకు, అనేక భాషల వాళ్ల ముందు వాయించేవాళ్లకు, టీషర్టుల అమ్మకం మీద ఎక్కువ ఆధారపడేవాళ్లకు గుర్తు మొదటి రోజు నుంచే పనికొస్తుంది. వాళ్లు కూడా మొదటి రెండు మూడేళ్లు దాన్ని పేరు లేకుండా ఒంటరిగా వాడకూడదు.

ముఖం

మాండలిన్ శ్రీనివాస్‌కు పాలకొల్లు నుంచి ప్రపంచమంతటా కావలసిన గుర్తింపు ముఖమూ వాద్యమూ తెచ్చిపెట్టాయి. ఇంకే లోగో అక్కర్లేకపోయింది. సభల ఆహ్వానపత్రాల్లో శ్రోతలు వెతికేది విద్వాంసుడి ఫొటోనే. స్ట్రీమింగ్ యాప్‌లలో కళాకారుల పేజీ కూడా ఫొటో చుట్టూనే కట్టారు. ఒక మనిషి, ఒక గొంతు అయినప్పుడు ముఖం కంటే త్వరగా గుర్తుండేది లేదు.

నలుగురైదుగురు ఉన్న బ్యాండుకు ఇదే ఇబ్బంది అవుతుంది. నాలుగు ముఖాలు పక్కపక్కన పెట్టిన కవరు 8 మిల్లీమీటర్లకు తగ్గితే ఒక్కో ముఖానికి దక్కేది 2 మిల్లీమీటర్లు. గుండ్రటి బొమ్మలో చివరివాళ్లిద్దరూ తెగిపోతారు. ఒకరు మానేస్తే అన్ని చోట్లా ఫొటో మార్చాలి. ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది: పేరు పెట్టడానికి ఖాళీ కావాలని డిజైనరు ఫొటోను కుడి ఎడమలు తిప్పేస్తాడు. వయొలిన్, గిటారు వాయించేవాళ్లు ఎడమచేతి వాటం అయిపోతారు. తిప్పకుండా, ఫొటో తీసేటప్పుడే ఒక పక్క మూడో వంతు ఖాళీ వదలమని ఫొటోగ్రాఫరుకు చెప్పాలి.

హక్కులు

ఇక్కడ పేరు రాతకు ఒక అదనపు లాభం ఉంది. పేరును మామూలు అక్షరాల్లో ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుంటే ఏ రూపంలో రాసినా రక్షణ ఉంటుంది. గుర్తుకు ఆ గీసిన రూపానికే. ట్రేడ్‌మార్కు నమోదులో సరుకులకూ సేవలకూ వేర్వేరు తరగతులు ఉంటాయి: రికార్డింగులకు 9వ తరగతి, ప్రదర్శనలకు 41, టీషర్టులకు 25. వ్యక్తులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే తరగతికి 4,500 రూపాయలు, నమోదు పదేళ్లు నిలుస్తుంది. డబ్బు ఒక్కదానికే ఉంటే 41తో మొదలుపెట్టాలి. సంగీతాన్నే వర్ణించే పేరుకు, ఉదాహరణకు ఉత్త 'రాగం'కు, నమోదు దొరకడం కష్టం.

గీసినవారితో ఒప్పందం తప్పకుండా కాగితం మీద ఉండాలి. డబ్బు ఇచ్చినంత మాత్రాన లోగో కాపీరైటు మీది కాదు. మన కాపీరైటు చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. అందులో కాలం రాయకపోతే ఐదేళ్లే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశమే అని అనుకుంటారు. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో తెలుగు సంఘాల వేదికల దగ్గర టీషర్టులు అమ్మాలనుకునే బ్యాండు 'ప్రపంచమంతటికీ, కాపీరైటు ఉన్నంత కాలమూ' అని రాయించుకోవాలి. హక్కులు బ్యాండులో ఎవరి పేరున ఉంటాయో, ఎవరైనా వెళ్లిపోతే ఏమవుతుందో కూడా అదే రోజు రాసుకోవడం మంచిది.

డబ్బు చేతులు మారేముందు ఫైళ్లు సరిచూసుకోండి: మార్చుకోగల వెక్టర్ ఫైలు (ఎంత పెద్దది చేసినా మసకబారనిది), వెబ్‌కు ఎస్‌వీజీ, అచ్చుకు పీడీఎఫ్, ఒక వరుస రాత, రెండు వరుసల రాత, ఒంటరి అక్షరం, ప్రతిదీ నలుపులోనూ తెలుపులోనూ. ఒకే రంగులో నిలవని లోగోకు ప్రతి అదనపు రంగుకూ ఇంకో స్క్రీన్ ఖర్చు. చివరగా ఒంటరి అక్షరాన్ని 64 పిక్సెళ్లకు తగ్గించి ఫోన్‌లో, చేయి చాపినంత దూరంలో చూడండి. అక్షరం ఏమిటో బ్యాండుతో సంబంధం లేని మనిషి చెప్పలేకపోతే గీత లావు పెంచి, లోపలి సందులు వెడల్పు చేసి తీసుకురమ్మనండి.